నథింగ్ వేరు, నల్ వేరు: ఒక కంటైనర్ యార్డు బిల్లింగ్ ప్రోగ్రామును వీబీ నుంచి సీ షార్ప్‌కి మార్చిన కేసు

విశాఖ పోర్టు నుంచి వచ్చిన కంటైనర్లను దించుకుని, నిల్వ ఉంచి, సరుకు అప్పగించే యార్డు ఒకటి గాజువాక వైపు ఉంది. దాని బిల్లింగ్ ప్రోగ్రామును వీబీ డాట్‌నెట్‌లో రాశారు. గేటు ఎంట్రీ, కాటా తూకం, గ్రౌండ్ రెంట్ (కంటైనరు యార్డులో ఉన్న రోజులకి అద్దె) లెక్క, సీహెచ్‌ఏల (కస్టమ్స్ పనులు చూసే ఏజెంట్ల) పేర బిల్లు, రాత్రి పూట రోజు లెక్క మూసే బ్యాచ్ అన్నీ అందులోనే ఉంటాయి. వెనక డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్. దీన్ని పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ నుంచి డాట్‌నెట్ 8కి, భాషను వీబీ నుంచి సీ షార్ప్‌కి మార్చాలి. బిల్లులో ఒక్క రూపాయి కూడా తేడా రాకూడదన్నది షరతు.

రెండు భాషలూ ఒకే సీఎల్‌ఆర్ (డాట్‌నెట్ ప్రోగ్రాములను నడిపే ఇంజిన్) మీద నడుస్తాయి. స్ట్రింగు క్లాసు, డేట్‌టైమ్ రెండింటికీ ఒకటే. నల్ (ఏ విలువా లేని స్థితి) తగిలితే వచ్చే ఎక్సెప్షన్ (నడకను ఆపే ఎర్రర్) పేరు కూడా ఒకటే, నల్‌రిఫరెన్స్‌ఎక్సెప్షన్. కాబట్టి సింటాక్స్ మారిస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. ఈ కేసులోని తప్పుల్లో చాలావాటికి ఆ నమ్మకమే మూలం. వీబీలో నథింగ్ అంటే "ఈ టైపుకి ఉండే డిఫాల్ట్ విలువ" అని అర్థం. ఇంటీజర్‌కి ఇస్తే 0, డేట్‌కి ఇస్తే 1వ సంవత్సరం జనవరి 1, స్ట్రింగుకి ఇస్తే నల్. అందువల్ల సీ షార్ప్‌లో నథింగ్‌కి సరైన జోడీ నల్ అనే మాట కాదు, డిఫాల్ట్ అనే కీవర్డు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. నథింగ్ ఎదురైనప్పుడు వీబీ ఆపరేటర్లూ, లెన్, ట్రిమ్ లాంటి పాత ఫంక్షన్లూ చాలాచోట్ల దాన్ని మౌనంగా సర్దేస్తాయి. ఆ సర్దుబాటు కోడ్‌లో ఎక్కడా రాసి ఉండదు. కోడ్ మాత్రమే చూసి మార్చేవారికి అది కనిపించదు.

ఆగిపోయినవి

మొదట బయటపడేవి క్రాష్‌లు. "ఆబ్జెక్ట్ రిఫరెన్స్ నాట్ సెట్ టు యాన్ ఇన్‌స్టన్స్ ఆఫ్ యాన్ ఆబ్జెక్ట్" అన్న మెసేజ్‌లో ఏ వేరియబుల్ ఖాళీయో ఉండదు. విజువల్ స్టూడియో డీబగ్గర్‌లో నడిపితే ఏది నల్ అయిందో అక్కడే చూపిస్తుంది కానీ, యార్డులో నడిచే ప్రోగ్రాము లాగ్‌లోకి ఆ వివరం రాదు. అందుకని రెండు పనులు ముందే చేసుకోవాలి. ఎగ్జీతో పాటు పీడీబీ ఫైళ్లు (కోడ్ లైన్ల సమాచారం ఉండేవి) కూడా యార్డు మెషీన్‌లో పెట్టాలి, అవి లేకపోతే స్టాక్ ట్రేస్‌లో లైను నంబరు రాదు. రెండో పని, ఎంట్రీ.పార్టీ.చిరునామా.పిన్ లాగా ఒకే వాక్యంలో మూడు నాలుగు చుక్కలున్న చోట్ల దాన్ని మూడు లైన్లుగా విడగొట్టాలి. ఒక్క లైనుగా ఉంటే లైను నంబరు తెలిసినా పార్టీ లేదా, చిరునామా లేదా అన్నది తెలియదు.

ఎక్కువగా పట్టుకున్నది స్ట్రింగులే. పాత కోడ్‌లో ఇలాంటి వాక్యాలు అడుగడుగునా ఉన్నాయి:

ఇఫ్ సీల్ = "" దెన్

వీబీలో స్ట్రింగుల మధ్య పెట్టే = గుర్తుకి నథింగ్, ఖాళీ స్ట్రింగు రెండూ సమానమే. సీ షార్ప్‌లో సీల్ == "" అని రాస్తే, సీల్ నల్‌గా ఉన్నప్పుడు జవాబు ఫాల్స్. అప్పుడు కంట్రోల్ ఎల్స్‌లోకి దిగి, అక్కడ సీల్.లెంగ్త్ అడిగే చోట పడిపోతుంది. లాగ్‌లో కనిపించేది ఆ లెంగ్త్ లైను. అసలు తప్పు దానికి నాలుగు లైన్ల పైన ఉంటుంది. క్రాష్ అయిన లైనుకే నల్ చెక్ పెట్టి ముగిస్తే, సీల్ లేని కంటైనరు "సీల్ ఉంది" అన్న దారిలోనే పోతుంది. సరైన మార్పు పై లైనులో చేయాలి, స్ట్రింగ్.ఈజ్‌నల్‌ఆర్‌ఎంప్టీ(సీల్) అని. రెండు స్ట్రింగు వేరియబుల్స్‌ను పోల్చే చోట (అ ?? "") == (ఆ ?? "") అని రాయాలి; ?? అంటే ఎడమది నల్ అయితే కుడిది తీసుకోమని. మంచి కన్వర్టర్ టూల్ ఇలాగే రాస్తుంది. చూడటానికి బాగోలేదని ఆ ?? ముక్కలు తీసేసి శుభ్రం చేసినవారే ఇక్కడ దెబ్బ తిన్నారు. సెలెక్ట్ కేస్‌కీ ఇదే వర్తిస్తుంది. వీబీలో కేస్ "" నథింగ్‌ని కూడా పట్టుకుంటుంది. సీ షార్ప్ స్విచ్‌లో నల్ అయితే ఆ కేస్ దాటిపోయి డిఫాల్ట్‌లో పడుతుంది.

ఈజ్ నథింగ్ అని రాసి ఉన్న చోట భయం లేదు, దానికి ఈజ్ నల్ సరిగ్గా సరిపోతుంది. = గుర్తు పక్కన నథింగ్ కనిపిస్తే ఆగి చూడాలి.

కంటైనర్ నంబరు 11 అక్షరాలు. నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక చెక్ డిజిట్. పాత ప్రోగ్రాము లెఫ్ట్(నంబరు, 4) అని ముందరి నాలుగు అక్షరాలూ తీసుకుని ఓనర్ ఎవరో చూస్తుంది. వీబీలో లెఫ్ట్‌కి నథింగ్ ఇస్తే ఖాళీ స్ట్రింగు తిరిగొస్తుంది. లెన్ 0 ఇస్తుంది, ట్రిమ్ ఖాళీ స్ట్రింగిస్తుంది, ఇన్‌స్టర్ 0 ఇస్తుంది. వీటి బదులు సీ షార్ప్‌లో సబ్‌స్ట్రింగ్, లెంగ్త్, ట్రిమ్, ఇండెక్స్‌ఆఫ్ మెథడ్లు పెడితే నాలుగూ నల్ మీద పడిపోతాయి. సబ్‌స్ట్రింగ్ ఇంకో మెట్టు ముందుకెళ్లి, నాలుగు అక్షరాల కంటే చిన్న స్ట్రింగు వచ్చినా ఎక్సెప్షన్ విసురుతుంది. లెఫ్ట్ మాత్రం ఉన్నంతే ఇచ్చి ఊరుకుంటుంది. ఇన్‌స్టర్ లెక్క 1 నుంచి, ఇండెక్స్‌ఆఫ్ లెక్క 0 నుంచి అన్నది కూడా మరవకూడదు. మొదటి దశలో మైక్రోసాఫ్ట్.విజువల్‌బేసిక్ లైబ్రరీని సీ షార్ప్ ప్రాజెక్టుకి రిఫరెన్స్‌గా ఇచ్చి, దానిలోని స్ట్రింగ్స్.లెఫ్ట్, స్ట్రింగ్స్.ట్రిమ్‌లనే పిలవడం మంచిది. అది డాట్‌నెట్ 8లోనూ ఉంది. సీ షార్ప్‌లో వీబీ లైబ్రరీ ఏంటని కొందరు ముఖం చిట్లిస్తారు. లెక్కలు సరిపోలాక ఒక్కో ఫంక్షన్నీ నింపాదిగా మార్చుకోవచ్చు, ముందుగా కావాల్సింది పాత ప్రవర్తన.

ఇక టైపు మార్పిడి. షిప్పింగ్ లైను వారీగా ఫ్రీ డేస్ (అద్దె పడని మొదటి రోజులు) ఎన్నో ఒక హ్యాష్‌టేబుల్‌లో (పేరు ఇస్తే విలువ ఇచ్చే పట్టికలో) ఉంచేవారు. పాత కోడ్ సీఇంట్(ఫ్రీడేస్("లైన్ కోడ్")) అని అడుగుతుంది. ఆ లైను టేబుల్‌లో లేకపోతే హ్యాష్‌టేబుల్ నథింగ్ ఇస్తుంది, సీఇంట్ దాన్ని 0 చేస్తుంది. సీ షార్ప్‌లో దాన్ని (ఇంట్)ఫ్రీడేస్["లైన్ కోడ్"] అని రాస్తే, నల్‌ని ఇంట్‌గా అన్‌బాక్స్ చేయబోయి అక్కడే నల్‌రిఫరెన్స్ వస్తుంది. హ్యాష్‌టేబుల్ తీసేసి డిక్షనరీ పెడితే ఎక్సెప్షన్ పేరు కీనాట్‌ఫౌండ్‌గా మారుతుంది, అంతే. ట్రైగెట్‌వాల్యూ వాడితే క్రాష్ పోయి 0 వస్తుంది, అంటే పాత ప్రవర్తనే. కన్వర్ట్.టుఇంట్32కి నల్ ఇచ్చినా 0నే వస్తుంది, కానీ డీబీనల్ ఇస్తే ఇన్‌వాలిడ్‌క్యాస్ట్ వస్తుంది. డేటాబేస్ నుంచి వచ్చిన ఖాళీ, హ్యాష్‌టేబుల్ నుంచి వచ్చిన ఖాళీ ఒకటి కావు. పూర్ణాంకం కాని విలువలుంటే ఇంకో తేడా కూడా ఉంది. సీఇంట్ 2.5ని 2కీ 3.5ని 4కీ గుండ్రం చేస్తుంది, (ఇంట్) క్యాస్ట్ దశాంశాన్ని తుంచేస్తుంది.

ఆ 0 ఇక్కడ కేవలం సాంకేతిక విషయం కాదు. ఫ్రీ డేస్ 0 అంటే మొదటి రోజు నుంచే గ్రౌండ్ రెంట్ పడుతుంది. కొత్త షిప్పింగ్ లైనుని మాస్టర్‌లో ఎక్కించడం మర్చిపోతే దాని పార్టీలందరికీ ఎక్కువ బిల్లు వస్తుందని అర్థం. ఈ నిర్ణయం ప్రోగ్రామర్ తీసుకోకూడదు. మార్పిడి దశలో 0నే ఉంచి, అలా జరిగిన ప్రతిసారీ లాగ్‌లో లైను కోడ్ రాసేలా పెట్టి, ఆ జాబితాను అకౌంట్స్ వాళ్ల చేతికివ్వాలి.

కాటా క్లాసులో దొరికింది ఇంకో రకం. లారీ బరువు నిలకడగా ఉన్నప్పుడు ఆ క్లాసు రైజ్‌ఈవెంట్‌తో ఒక ఈవెంట్ పంపుతుంది. గేటు స్క్రీన్ తెరిచి ఉంటే ఫారం ఆ ఈవెంట్‌ని వింటుంది. రాత్రి బ్యాచ్‌లో ఫారం ఉండదు, వినేవారెవరూ ఉండరు. వీబీ రైజ్‌ఈవెంట్ వినేవారు ఉన్నారో లేదో తనే చూసుకుని, లేకపోతే ఊరుకుంటుంది. సీ షార్ప్‌లో ఈవెంట్‌ని నేరుగా పిలిస్తే, వినేవారు లేనప్పుడు అది నల్ డెలిగేట్, పిలవగానే పడిపోతుంది. బరువునిలిచింది?.ఇన్వోక్ అని రాయాలి; ?. అంటే నల్ కాకపోతేనే పిలవమని. ఇది పగటి టెస్టింగులో ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే టెస్ట్ చేసేవారు గేటు స్క్రీన్ తెరుచుకునే కూర్చుంటారు.

లూప్ లోపలి వేరియబుల్ గురించి వివరంగా చెప్పాలి, ఏళ్ల తరబడి వీబీ రాసినవారిలోనూ ఇది తెలియనివారున్నారు. షిప్పింగ్ లైన్ల నుంచి వచ్చే టెక్స్ట్ ఫైలులో ఒక పార్టీ లైను, దాని కింద ఆ పార్టీ కంటైనర్ల లైన్లు ఉంటాయి. ఫర్ ఈచ్ లూప్ లోపల డిమ్ పార్టీ యాజ్ స్ట్రింగ్ అని ఉంది. పార్టీ లైను వచ్చినప్పుడు దాన్ని నింపుతారు, కంటైనర్ లైను వచ్చినప్పుడు వాడతారు. డిమ్‌లో మొదటి విలువ ఇవ్వకపోతే వీబీలో ఆ వేరియబుల్ లూప్ తిరిగినా పాత విలువను అట్టే పెట్టుకుంటుంది, ఎందుకంటే దాని ఆయుష్షు ప్రొసీజర్ మొత్తానికీ ఉంటుంది. సీ షార్ప్‌లో అదే రాస్తే "విలువ ఇవ్వని వేరియబుల్ వాడారు" అని సీఎస్0165 ఎర్రర్ వస్తుంది. కంపైలర్ సరైన చోటే వేలు పెట్టింది. ఆ ఎర్రర్‌ని నోరు మూయించడానికి స్ట్రింగ్ పార్టీ = నల్ అని రాసేస్తే, ప్రతి లైనుకీ పార్టీ నల్ అయిపోతుంది, కంటైనర్ లైన్లన్నీ పడిపోతాయి. డిక్లరేషన్‌ని లూప్ బయటికి తీయడమే సరైన మార్పు. మార్పిడి పనిలో "= నల్" అని చేత్తో చేర్చిన ప్రతి చోటునీ రివ్యూలో విడిగా చూడాలి.

ఆగకుండా తప్పు లెక్క చేసినవి

పైవన్నీ కనీసం చప్పుడు చేస్తాయి. అసలు ప్రమాదం చప్పుడు లేనివాటితోనే.

పార్టీకి తరగతి అనే ఫీల్డు ఉంది, టైపు ఇంటీజర్? అంటే నల్ కాగల ఇంటీజర్. నియమం ఇది: 1వ తరగతి కాకపోతే హ్యాండ్లింగ్ అదనం వేయాలి.

ఇఫ్ తరగతి <> 1 దెన్

చాలా పార్టీలకు తరగతి నింపనే లేదు. వీబీలో నల్ కాగల విలువల పోలిక ఎస్‌క్యూఎల్‌లాగే మూడు జవాబుల లెక్క: అవును, కాదు, తెలియదు. తరగతి నథింగ్ అయితే తరగతి <> 1 అన్నదానికి జవాబు "తెలియదు". ఇఫ్ దాన్ని ఫాల్స్‌గా తీసుకుంటుంది, అదనం పడదు. సీ షార్ప్‌లో తరగతి != 1 అని అక్షరం పొల్లుపోకుండా మార్చినా, తరగతి నల్ అయితే జవాబు ట్రూ. అదనం పడుతుంది. క్రాష్ లేదు, వార్నింగ్ లేదు. కంటైనర్‌కి అదనం 750 రూపాయలు అనుకుంటే, 40 కంటైనర్లున్న సీహెచ్‌ఏ బిల్లు 30,000 పెరుగుతుంది. అది పార్టీ ఫోన్ చేసేదాకా తెలియదు.

పాత ప్రవర్తన నిలవాలంటే తరగతి.హ్యాజ్‌వాల్యూ && తరగతి != 1 అని రాయాలి. తరగతి ఈజ్ నాట్ నల్ అండ్ నాట్ 1 అన్న ప్యాటర్న్ కూడా అదే పని చేస్తుంది.

ఇదే కుటుంబంలో మరో రెండున్నాయి. నాట్ (రోజులు > 5) అన్నది రోజులు నథింగ్ అయితే వీబీలో చివరికి ఫాల్స్‌గానే తేలుతుంది, సీ షార్ప్‌లో !(రోజులు > 5) ట్రూ. రెండు ఖాళీల పోలిక ఇంకా ఘోరం. పాతట్రిప్ = కొత్తట్రిప్ అన్నచోట రెండూ ఇంటీజర్? అయి, రెండూ నథింగ్ అయితే, వీబీలో ఇఫ్ లోపలికి పోదు. సీ షార్ప్‌లో నల్ == నల్ ట్రూ. ట్రిప్ నంబరు లేని రెండు వేర్వేరు లారీలు ఒకే ట్రిప్పుగా కలిసిపోతాయి. ఒక లారీ లోపలికి వచ్చిన బరువు, ఇంకో లారీ బయటికి వెళ్లిన బరువు కలిసి ఒక నికర తూకం తయారవుతుంది. అంకె చూడటానికి నమ్మేలాగే ఉంటుంది, అందుకే ఎవరూ అనుమానించరు. (స్ట్రింగులకు ఈ లెక్క లేదు. అక్కడ నథింగ్ = నథింగ్ వీబీలోనూ ట్రూనే. టైపు చూడకుండా నియమం పెట్టుకుంటే ఇక్కడ తికమక పడతారు.)

వెతకాల్సింది <> ఉన్న చోట్లు, నాట్ ఉన్న చోట్లు, రెండు వైపులా నల్ కాగల వేరియబుల్స్ ఉన్న = గుర్తులు. = 1 అని ఉండి తరువాత ఎల్స్ ఉన్న మామూలు వాక్యాలు రెండు భాషల్లోనూ ఒకే దారిలో నడుస్తాయి, వాటి మీద సమయం వృథా చేయక్కర్లేదు.

డేటాబేస్ క్వెరీల్లోనూ ఇదే గీత దాటతాం. పాత ప్రోగ్రాములో వేర్ తరగతి <> 1 అని చేత్తో రాసిన ఎస్‌క్యూఎల్ నల్ వరుసలను వదిలేస్తుంది. దాన్ని ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ అనే డేటాబేస్ లైబ్రరీతో లింక్యూ (సీ షార్ప్‌లోనే క్వెరీ రాసే పద్ధతి) వాక్యంగా మారిస్తే, అది సీ షార్ప్ అర్థానికి తగ్గట్టు "లేదా తరగతి నల్ అయినా" అన్న ముక్కని తనే చేరుస్తుంది. రిపోర్టులో వరుసలు పెరుగుతాయి. యూజ్‌రిలేషనల్‌నల్స్ అనే సెట్టింగుతో దాన్ని ఆపొచ్చు కానీ, అది మొత్తం కాంటెక్స్ట్‌కి, అంటే దాని క్వెరీలన్నిటికీ, వర్తిస్తుంది. ఒక్కో క్వెరీలో షరతు స్పష్టంగా రాయడమే నయం.

రెండు విలువల్లో ఒకటి ఇచ్చే ఇఫ్ ఆపరేటర్ సంగతి చిన్నదే కానీ కంటికి అసలు ఆనదు. డిమ్ ఫ్రీ యాజ్ ఇంటీజర్? = ఇఫ్(ప్రత్యేకం, నథింగ్, 3) అంటే ప్రత్యేకం అయినప్పుడు నల్ వస్తుందనే ఎవరైనా చదువుతారు. రాదు, 0 వస్తుంది. నథింగ్, 3 రెండింటికీ ఉమ్మడి టైపు ఇంటీజర్ అని వీబీ తేలుస్తుంది, ఆ టైపులో నథింగ్ అంటే 0. సీ షార్ప్ 9 నుంచి ప్రత్యేకం ? నల్ : 3 అంటే నిజంగానే నల్ వస్తుంది. తరువాత ఎక్కడో ఫ్రీ ?? 3 ఉంటే పాతదానికి 0 రోజులు, కొత్తదానికి 3 రోజులు. రాసినాయన ఉద్దేశం ఏదైనా, ఏళ్లుగా బిల్లులు వెళ్లింది 0తో. కాబట్టి మార్పిడిలో 0 అనే రాయాలి.

హుద్‌హుద్ నెల వరుసలు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఊళ్లో కరెంటు, ఫోన్లు లేని ఆ రోజుల్లో గేటు ఎంట్రీలు కాగితం రిజిస్టర్‌లో రాశారు. తరువాత సిస్టంలోకి ఎక్కించినప్పుడు కొన్నిటికి లోపలికి వచ్చిన తేదీ ఖాళీగా వదిలేశారు. పాత డేటాను కొత్త ప్రోగ్రాముతో మళ్లీ లెక్కగట్టినప్పుడు ఆ వరుసలే అసలు పరీక్ష పెట్టాయి.

పాత కోడ్‌లో ఎంట్రీ తేదీ టైపు డేట్. డేటాబేస్‌లో ఖాళీగా ఉంటే దాన్ని ముట్టుకోరు, అది నథింగ్‌గానే, అంటే 1వ సంవత్సరం జనవరి 1గానే ఉండిపోతుంది. ఆ పైన ఇఫ్ తేదీ = నథింగ్ దెన్ అని చూసి చేత్తో బిల్లు వేసే జాబితాకి పంపుతారు. ఇది వీబీలో సరిగ్గా పనిచేస్తుంది. సీ షార్ప్‌లో తేదీ == నల్ అని మారిస్తే కంపైల్ అవుతుంది కానీ, డేట్‌టైమ్ ఎప్పటికీ నల్ కాదు కాబట్టి జవాబు ఎప్పుడూ ఫాల్స్. కంపైలర్ సీఎస్8073 వార్నింగ్ ఇస్తుంది. వందల వార్నింగుల మధ్య దాన్ని చూసేవారుండరు. వరుస నేరుగా రోజుల లెక్కలోకి పోతుంది. అక్టోబర్ 31న బయటికి వెళ్లిన కంటైనర్‌కి 1వ సంవత్సరం జనవరి 1 నుంచి లెక్కిస్తే 7,35,536 రోజులు. రోజుకి 500 చొప్పున గ్రౌండ్ రెంట్ 36,77,68,000 రూపాయలు. ఇంత పెద్ద అంకె కాబట్టి దొరికింది. లెక్కకి గరిష్ఠ పరిమితి పెట్టి ఉంటే ఆ పరిమితి అంకె వచ్చేది, మామూలు బిల్లుల్లో కలిసిపోయేది.

మార్పిడికి తేదీ == డిఫాల్ట్ అని రాస్తే చాలు. తరువాతి దశలో దాన్ని డేట్‌టైమ్? చేసి ఈజ్ నల్ అని అడగడం మేలు. ఆ 1వ సంవత్సరపు తేదీ డేటాబేస్‌కి తిరిగి రాసే చోట కూడా చూసుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్‌టైమ్ కాలమ్ 1753 జనవరి 1కి ముందు తేదీని ఒప్పుకోదు, ఓవర్‌ఫ్లో ఎర్రర్ ఇస్తుంది. డేట్‌టైమ్2 కాలమ్ అయితే ఒప్పేసుకుని దాచుకుంటుంది. కొత్త డేటాబేస్‌లో కాలమ్ టైపుని డేట్‌టైమ్2కి పెంచడం మంచి పనే, కాకపోతే ఆ పనితో ఇక్కడున్న ఒక కాపలా పోతుంది.

ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్

పాత కోడ్‌లో ఇది ఉన్న ప్రొసీజర్లను మార్చే ముందు వాటిని పాత ప్రోగ్రాములోనే కొన్నాళ్లు గమనించాలి. ఈ వాక్యం కింద ఏ లైను పడిపోయినా తరువాతి వాక్యంతో నడక సాగుతుంది. ఇఫ్ షరతే పడిపోతే తరువాతి వాక్యం అంటే దెన్ లోపలి మొదటి వాక్యం. అంటే పార్టీ నథింగ్ అయినప్పుడు పార్టీ.రాయితీ > 0 అన్న షరతు పడిపోయి, రాయితీ ఇచ్చే లైనే నడుస్తుంది. సీ షార్ప్‌లో దీనికి జోడీ లేదు. మొత్తానికి ట్రై, క్యాచ్ చుడితే మొదటి తప్పు దగ్గరే మిగతా పని ఆగిపోతుంది. లైను లైనుకీ ట్రై పెడితే కోడ్ చదవలేం, దెన్‌లోకి దూరే ఆ ప్రవర్తన కూడా రాదు.

అనుమానం ఉన్న ప్రతి లైను తరువాత వీబీలోనే ఎర్.నంబర్ 0 కాకపోతే ప్రొసీజరు పేరు, లైను, నంబరు రాసి ఎర్.క్లియర్ చేసే లాగ్ పెట్టాలి. నల్‌రిఫరెన్స్ అక్కడ 91గా కనిపిస్తుంది, టైపు మార్పిడి తప్పు 13గా, ఇండెక్స్ దాటితే 9గా. కనీసం ఒక నెల ముగింపు బ్యాచ్ దాటేదాకా నడపాలి, ఎందుకంటే నెలాఖరు కోడ్ మిగతా రోజుల్లో నడవదు. ఆ లాగ్‌లో వచ్చిన లైన్లకే సీ షార్ప్‌లో స్పష్టమైన నల్ చెక్ రాయాలి.

ఇదే సూత్రం మిగతా వాటికీ పనికొస్తుంది. భాష మార్చకముందే, పాత ఇంట్లోనే సర్దుకోవడం అన్నిటికంటే చవక. ఆప్షన్ స్ట్రిక్ట్ (మౌనంగా జరిగే టైపు మార్పిడులను అడ్డుకునే సెట్టింగ్) ఆన్ చేసి వీబీలోనే కంపైల్ చేయాలి. = "" ఉన్నవి ఈజ్‌నల్‌ఆర్‌ఎంప్టీగా, <> ఉన్నవి హ్యాజ్‌వాల్యూతో స్పష్టంగా, అండ్‌లను అవసరమైన చోట అండ్‌ఆల్సోగా (ఎడమది ఫాల్స్ అయితే కుడిది చూడనిది), ఐఇఫ్‌లను (రెండు విలువలనూ లెక్కగట్టే పాత ఫంక్షన్) ఇఫ్‌గా వీబీలోనే రాసి, రోజూ నడిచే ప్రోగ్రాములో పెట్టాలి. వీబీ కంపైలర్ ఇచ్చే బీసీ42104, బీసీ42105 వార్నింగులను కూడా ఆ దశలోనే తీర్చాలి. మొదటిది విలువ ఇవ్వకుండా వాడిన వేరియబుల్ గురించి, రెండోది అన్ని దారుల్లో విలువ తిరిగివ్వని ఫంక్షన్ గురించి. ఆ తరువాత సీ షార్ప్ మార్పిడి దాదాపు యాంత్రికంగా సాగుతుంది.

మరమ్మతు పేరుతో చేసే తప్పులు

క్రాష్ వచ్చిన ప్రతిచోటా ?. పెట్టడం మొదటిది. ఈవెంట్ విషయంలో అది సరైనది, ఎందుకంటే వినేవారు లేకపోవడం మామూలు సంగతే. కానీ పార్టీ?.రాయితీ?.శాతం ?? 0 అని రాస్తే, రాయితీ లేని పార్టీ, అసలు పార్టీయే దొరకని బిల్లు రెండూ 0 దగ్గర కలిసిపోతాయి. మొదటిది సబబు. రెండోదాన్ని అక్కడే ఆపేయాలి, పార్టీ లేని బిల్లు ప్రింట్ కాకూడదు. పబ్లిక్ మెథడ్ మొదట్లో ఆర్గ్యుమెంట్‌నల్‌ఎక్సెప్షన్.త్రోఇఫ్‌నల్(పార్టీ) అని ఒక్క లైను పెడితే, తప్పు పుట్టిన చోటే పేరుతో సహా బయటపడుతుంది.

రెండోది ! గుర్తు. కంపైలర్ "ఇది నల్ కావచ్చు" అని సీఎస్8602 ఇచ్చినప్పుడు, పక్కన ! పెడితే వార్నింగ్ మాయమవుతుంది. నడిచేటప్పుడు అది ఏ పనీ చేయదు, ఏ చెక్కూ పెట్టదు. మార్పిడి ప్రాజెక్టులో ! వాడకాన్ని కారణం రాసిన కామెంట్ ఉంటేనే ఒప్పుకోవాలి.

కంపైలర్‌ని కాపలా పెట్టడం

సీ షార్ప్ 8 నుంచి స్ట్రింగ్ (నల్ కాకూడనిది), స్ట్రింగ్? (నల్ కాగలది) అనే రెండు రకాలను కంపైలర్ వేరుగా చూడగలదు. ప్రాజెక్టు ఫైలులో నల్లబుల్ సెట్టింగ్‌ని ఎనేబుల్ చేస్తే పాత ఫైళ్లన్నిటి నుంచీ ఒకేసారి వార్నింగులు కురుస్తాయి, అప్పుడు ఎవరూ చదవరు. ప్రాజెక్టు మొత్తానికీ ఎనేబుల్ చేసి, మార్చి తెచ్చిన ప్రతి ఫైలు తలమీద #నల్లబుల్ డిసేబుల్ అని రాయడం మంచి దారి. అప్పుడు కొత్తగా పుట్టే ఫైలు మొదటి రోజు నుంచే కాపలాలో ఉంటుంది, పాతవాటి నుంచి ఆ లైనుని ఒక్కొక్కటిగా తీసుకుంటూ పోవచ్చు. ఇంకే క్లాసు మీదా ఆధారపడని పార్టీ, కంటైనర్ లాంటి డేటా క్లాసులతో మొదలుపెట్టాలి, స్క్రీన్ల కోడ్ చివరికి. వార్నింగ్స్‌యాజ్‌ఎర్రర్స్‌లో నల్లబుల్ అని పెడితే ఈ వార్నింగులన్నీ ఎర్రర్లవుతాయి. సీఎస్8073ని అదే జాబితాలో విడిగా చేర్చాలి.

డేటా క్లాసుల్లో మొదట వచ్చేది సీఎస్8618, అంటే నల్ కాకూడని ప్రాపర్టీకి కన్‌స్ట్రక్టర్‌లో విలువ ఇవ్వలేదని. దాన్ని = "" పెట్టి తీర్చేస్తే ఖాళీ కంటైనర్ నంబరుతో ఆబ్జెక్టులు పుడతాయి. సీ షార్ప్ 11లోని రిక్వైర్డ్ కీవర్డు వాడితే విలువ ఇవ్వనిదే ఆబ్జెక్టు తయారు కాదు.

ఈ కాపలాకి ఒక గోడ వరకే చూపు. గేటు ట్యాబ్లెట్ నుంచి జేసన్ (టెక్స్ట్ రూపంలో పంపే డేటా) వస్తుంది. డాట్‌నెట్ 8లో సిస్టం.టెక్స్ట్.జేసన్ ఈ ? గుర్తులను పట్టించుకోదు. నల్ కాకూడని స్ట్రింగ్‌లోనూ జేసన్‌లో నల్ ఉంటే నల్‌నే పెడుతుంది. రిక్వైర్డ్ పెడితే ఆ ఫీల్డు అసలు లేనప్పుడు ఎర్రర్ వస్తుంది కానీ, ఫీల్డు ఉండి అందులో నల్ ఉంటే దాటిపోతుంది. డాట్‌నెట్ 9లో దీనికి రెస్పెక్ట్‌నల్లబుల్‌అనోటేషన్స్ అనే సెట్టింగ్ వచ్చింది. 8లో ఉన్నంతకాలం జేసన్ చదివిన వెంటనే ఒకే చోట చేత్తో చెక్ చేయాలి. డేటాబేస్ నుంచి వచ్చేవాటికీ అంతే.

సరిపోల్చడం

పాత ఎగ్జీ, కొత్త ఎగ్జీ రెండింటినీ ఒకే డేటాబేస్ నకళ్ల మీద నడిపి, బిల్లు నంబరు, పార్టీ, రోజులు, మొత్తం అనే నాలుగు కాలమ్‌లను టెక్స్ట్ ఫైలుగా తీసి లైను లైనుకీ పోల్చాలి. శుభ్రమైన నెలను ఎంచుకుంటే అన్నీ సరిపోతాయి, ఏమీ తెలియదు. ఖాళీలు ఎక్కువున్న నెలలే తీసుకోవాలి. 2014 అక్టోబర్, ఆర్థిక సంవత్సరం మారిన ఏప్రిల్, కొత్త షిప్పింగ్ లైను చేరిన నెల.

దీనికి తోడు చేత్తో తయారుచేసిన వరుసలు. ప్రతి స్ట్రింగు ఫీల్డుకీ నాలుగు రూపాలు: నల్, ఖాళీ స్ట్రింగు, ఒక్క స్పేస్, అసలు విలువ. మూడు ఫీల్డులు కలిస్తే 64 వరుసలు, మెషీన్‌కి అది క్షణం పని. స్పేస్‌ని వదలకూడదు. డేటాబేస్‌లో క్యార్ టైపు కాలమ్ ఖాళీ స్ట్రింగుని కూడా స్పేసులతో నింపి ఇస్తుంది, ఈజ్‌నల్‌ఆర్‌ఎంప్టీకి అది ఖాళీ కాదు.

తేడా వచ్చిన ప్రతి లైనూ రెండిట్లో ఒక గుట్టలో పడాలి. కొత్త ప్రోగ్రాము తప్పు అయితే కోడ్ మార్చాలి. పాత ప్రోగ్రాముదే తప్పు, కొత్తది రైటు అనిపిస్తే కూడా కొత్తదాన్ని పాతదానికి తగ్గట్టే మార్చి, ఆ లైనుని అకౌంట్స్ షీటులో రాయాలి. తరగతి లేని పార్టీల అదనం, ఫ్రీ డేస్ దొరకని లైన్ల 0 అక్కడికే వెళ్లాయి. షీటులో ఒక్కో వరుసకీ పాత ప్రవర్తన ఏమిటి, ఎన్ని బిల్లుల మీద దాని ప్రభావం ఉంది, ఏం చేయాలో ఎవరు సంతకం చేశారు అన్న మూడు గడులు. సంతకం అయిన వరుసకి, కొత్త ప్రోగ్రాము యార్డులో నిలదొక్కుకున్నాక, విడిగా ఒక కమిట్ (కోడ్‌లో నమోదు చేసే మార్పు). భాష మార్పిడి కమిట్‌లో అది కలిస్తే, రేపు పార్టీ బిల్లు పట్టుకుని గేటు దగ్గరికొచ్చినప్పుడు అంకె మారింది భాష వల్లా, నిర్ణయం వల్లా అన్నది చెప్పలేరు.